గుర్రానికి కడుపునొప్పి వస్తే ఆక్యుపంక్చర్ చేయించొచ్చా?

ప్రశ్న: మా గుర్రానికి ఏడేళ్లు. ఈ ఏడాది రెండుసార్లు కోలిక్ వచ్చి, ఇంజెక్షన్‌తో తగ్గింది. ఆక్యుపంక్చర్ (ఒంటి మీద కొన్ని చోట్ల సన్నని సూదులు గుచ్చే వైద్యం) చేయిస్తే మందులే అక్కర్లేదని ఒకరు చెప్పారు. మళ్లీ నొప్పి వస్తే ముందు సూదులు వేయించి చూడొచ్చా?

జవాబు: వద్దండి. ముందు పశువైద్యుణ్ని పిలవండి, సూదుల సంగతి తర్వాత.

కోలిక్ అంటే కడుపులో నొప్పి అని మాత్రమే అర్థం. కారణం గ్యాస్ కావచ్చు, లద్దె గట్టిపడి అడ్డుపడటం కావచ్చు, పేగు మెలిపడటమూ కావచ్చు. మొదటి గంటలో ఇవన్నీ పైకి ఒకేలా కనిపిస్తాయి. గుర్రం గిట్టతో నేల గీకుతుంది, డొక్క వైపు తిరిగి చూసుకుంటుంది, పొర్లుతుంది. పేగు మెలిపడితే మాత్రం గంటల్లోనే ఆపరేషన్ చేయాలి. పైగా గుర్రాలకు వాంతి చేసుకోవడం సాధ్యం కాదు. పొట్ట నిండిపోతే ముక్కు ద్వారా గొట్టం వేసి ఖాళీ చేయాల్సిందే, లేదంటే పగిలిపోవచ్చు. ఆ పని ఏ సూదీ చేయలేదు.

మరి సూదులతో తగ్గిందనేవాళ్లు అబద్ధం చెబుతున్నారా? కాదు. గ్యాస్ నొప్పి చాలాసార్లు దానంతటదే సర్దుకుంటుంది. ఆ సమయానికి ఏ వైద్యం జరుగుతుంటే పేరు దానికి వస్తుంది. ప్రయోగాల ఫలితాలూ ఒకే మాట చెప్పడం లేదు. మలద్వారం లోపల బెలూన్ ఉబ్బించి చూసినప్పుడు, సూదులకు కరెంటు పెడితే గుర్రాలు నొప్పిని కొంత ఎక్కువ ఓర్చుకున్నాయి. చిన్నపేగును ఉబ్బించినప్పుడు మాత్రం చెప్పుకోదగ్గ ఉపశమనం దొరకలేదు.

డాక్టర్ వచ్చేలోగా దాణా, గడ్డి తీసేయండి. దవడ కింద నాడి చూడండి. నిలకడగా ఉన్న పెద్ద గుర్రానికి నిమిషానికి 28 నుంచి 44 ఉంటుంది. 60 దాటినా, చిగుళ్ల రంగు మారినా, డొక్కకు చెవి ఆనిస్తే పేగుల చప్పుడు వినపడకపోయినా ఆ విషయం ఫోన్‌లోనే చెప్పండి. కాసేపు మెల్లగా నడిపించొచ్చు, గంటల తరబడి తిప్పి అలసిపోయేలా చేయకండి. మిగిలిన నొప్పి మందు ఉంది కదా అని మీరే కండకు పొడవకండి. ఫ్లూనిక్సిన్ అనే నొప్పి మందును కండకు ఇస్తే అక్కడ ప్రాణాంతకమైన ఇన్ఫెక్షన్ రావచ్చు. నొప్పి అణిగిపోతే జబ్బు ఎంత ముదిరిందో డాక్టర్‌కు అంతుపట్టదు కూడా.

పరీక్షించి ప్రమాదం లేదని తేల్చాక, మందులతో పాటు ఆక్యుపంక్చర్ చేయిస్తానంటే నాకు అభ్యంతరం లేదు. అందులో శిక్షణ పొందిన పశువైద్యుడే చేయాలి. నన్నడిగితే ఆ ఖర్చు కంటే ముందు పళ్లు చూపించండి, లద్దెను పురుగుల పరీక్షకు ఇవ్వండి. దాణా ఒక్కసారిగా మార్చారేమో, నీళ్లు తక్కువ తాగుతోందేమో, ఇసుక నేల మీద మేత వేస్తున్నారేమో కూడా గుర్తు చేసుకోండి. ఏడాదిలో రెండుసార్లు వచ్చిందంటే కారణం వీటిలోనే ఉండే అవకాశం ఎక్కువ.