చీజ్‌ బ్యాక్టీరియాపై ప్రాజెక్టు ఉద్యోగానికి పనికొస్తుందా?

ప్రశ్న: ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ మూడో సెమిస్టర్‌ చదువుతున్నాను. చీజ్‌ నుంచి లాక్టిక్‌ యాసిడ్‌ బ్యాక్టీరియాను వేరుచేసి, అవి హానికర సూక్ష్మజీవులను అడ్డుకుంటాయా, ప్రోబయోటిక్‌గా పనికొస్తాయా అని చూద్దామనుకుంటున్నాను. ఈ ప్రాజెక్టుతో ఉద్యోగావకాశాలు ఉంటాయా?
- ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: ఉంటాయమ్మా. అయితే ఇంటర్వ్యూలో ఎన్ని మిల్లీమీటర్ల జోన్‌ (ప్లేట్‌పై హానికర సూక్ష్మజీవి పెరగని ఖాళీ వలయం) వచ్చిందని కాదు, అది దేనివల్ల వచ్చిందో ఎలా తేల్చారని అడుగుతారు. చాలా ప్రాజెక్టులు అక్కడే తేలిపోతాయి.

ముందు శాంపిల్‌ సంగతి. షాపుల్లో దొరికే స్లైసులు, క్యూబులు ఎక్కువగా ప్రాసెస్డ్‌ చీజ్‌. తయారీలో వేడిచేయడంతో ఈ బ్యాక్టీరియా దాదాపుగా చచ్చిపోతాయి. పైగా కొన్నింటిలో బ్యాక్టీరియాను అడ్డుకునే నైసిన్‌ అనే ప్రిజర్వేటివ్‌ కలుపుతారు, లేబుల్‌ మీద ఐఎన్‌ఎస్‌ 234 ఉందేమో చూడండి. పనీర్‌ పులియబెట్టింది కాదు, వేడి పాలను విరిచి చేసింది, కాబట్టి అదీ వద్దు. కొన్ని నెలలు మగ్గిన చెడ్డార్‌ తీసుకోండి. మగ్గేకొద్దీ స్టార్టర్‌గా (పాలను పులియబెట్టే తోడుగా) వేసిన లాక్టోకాకస్‌ తగ్గి, లాక్టోబాసిలై పెరుగుతాయి.

10 గ్రాముల చీజ్‌ను 45 డిగ్రీలకు వేడిచేసిన 90 మి.లీ. 2 శాతం సోడియం సిట్రేట్‌లో కలపండి. డైల్యూషన్లు చేసి ఎంఆర్‌ఎస్‌ అగార్‌ (ఈ బ్యాక్టీరియాను పెంచే మాధ్యమం)పై పోసి, గాలి లేని జార్‌లో 37 డిగ్రీల వద్ద 48 గంటలు ఉంచండి. గ్రామ్‌ పాజిటివ్‌, కెటలేజ్‌ నెగెటివ్‌ కాలనీలనే ముందుకు తీసుకెళ్లండి.

అసలు పని ఇక్కడినుంచి. కల్చర్‌ సూపర్‌నాటెంట్‌ను (కణాలు తీసేశాక మిగిలే పైద్రవాన్ని) నేరుగా ప్లేట్‌లో చేసిన వెల్‌ (గుంట)లో పోస్తే దాదాపు ప్రతిదానికీ జోన్‌ వస్తుంది, లాక్టిక్‌ యాసిడ్‌ వల్ల. అందుకే సోడియం హైడ్రాక్సైడ్‌తో పీహెచ్‌ను 6.5కు తెచ్చి, హైడ్రోజన్‌ పెరాక్సైడ్‌ ప్రభావం పోయేలా కెటలేజ్‌ ఎంజైమ్‌ కలిపి, 0.22 మైక్రాన్‌ ఫిల్టర్‌లో వడకట్టండి. అప్పటికీ జోన్‌ నిలిచి, ప్రొటీన్లను విరగ్గొట్టే ప్రొటీనేజ్‌-కె కలిపాక పోయిందంటే బ్యాక్టీరియోసిన్‌ (బ్యాక్టీరియా తయారుచేసే, ఇతర బ్యాక్టీరియాను అడ్డుకునే ప్రొటీన్‌) అనడానికి ఆధారం దొరికినట్టే. ఏ బ్యాక్టీరియా వేయని ఎంఆర్‌ఎస్‌ బ్రాత్‌కూ ఇవే దశలు చేసి కంట్రోల్‌గా పెట్టండి. ఈ.కోలైపై మాత్రమే జోన్‌ వస్తే సంబరపడొద్దు. ఈ.కోలై వంటి గ్రామ్‌ నెగెటివ్‌ల బయటి పొరను బ్యాక్టీరియోసిన్లు సాధారణంగా దాటలేవు, అది యాసిడ్‌ పనే కావచ్చు. ఆహారం ద్వారా జబ్బు తెచ్చే లిస్టీరియా మోనోసైటోజెనిస్‌పై పరీక్షకు బీఎస్‌ఎల్‌-2 (రెండో స్థాయి జీవ భద్రత ఉన్న) ల్యాబ్‌ కావాలి. ఆ సదుపాయం లేకపోతే దాని దగ్గరి బంధువు లిస్టీరియా ఇన్నోక్యువా వాడండి. చండీగఢ్‌లోని సూక్ష్మజీవుల కల్చర్‌ బ్యాంకు ఎంటీసీసీ కల్చర్లు అమ్ముతుంది.

ప్రోబయోటిక్‌ భాగంలో పీహెచ్‌ 3లో 3 గంటలు, 0.3 శాతం బైల్‌ (పైత్యరసం)లో 4 గంటలు ఉంచి ప్లేట్‌ కౌంట్‌ చేయండి. ఓడీని (ద్రవం ఎంత మసకబారిందో చూపే కొలతను) నమ్మొద్దు, చచ్చిన కణాలూ అందులో కలిసిపోతాయి. హిమోలిసిస్‌ (ఎర్ర రక్తకణాలను పగలగొడతాయా), యాంటీబయోటిక్‌ (మందులకు లొంగుతాయా) పరీక్షలు తప్పనిసరి. ఇవన్నీ నెగ్గినా థీసిస్‌లో ‘ప్రోబయోటిక్‌’ అని రాయకండి, మనుషులపై అధ్యయనం లేనిదే ఆ మాట చెల్లదు. ‘ప్రోబయోటిక్‌ లక్షణాలున్న స్ట్రెయిన్‌’ అంటే చాలు. 2020లో లాక్టోబాసిలస్‌ జాతి పేర్లు మారాయి, కొత్త పేర్లే వాడండి.

డెయిరీల క్వాలిటీ కంట్రోల్‌, స్టార్టర్‌ కల్చర్‌, ప్రోబయోటిక్‌ తయారీ కంపెనీలు, ఆహార పరీక్ష ల్యాబ్‌లు ఈ నైపుణ్యాలు చూస్తాయి. పీహెచ్‌డీ ఆలోచన ఉంటే కర్నాల్‌ ఎన్‌డీఆర్‌ఐ (జాతీయ డెయిరీ పరిశోధన సంస్థ), మైసూరు సీఎఫ్‌టీఆర్‌ఐ (కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ) మంచి చోట్లు. సీఎస్‌ఐఆర్‌ నెట్‌కు ఇప్పటినుంచే సిద్ధమవ్వండి.