గుంటూరులో ఉంటూ లిమిటెడ్ ఎలక్ట్రానిక్ వినైల్ రీఇష్యూలు కొనడం దండగేనా?

మీరు అడిగింది ఇదీ: 90ల నాటి టెక్నో (ఎలక్ట్రానిక్ డాన్స్ సంగీతం) ఆల్బమ్ ఒకటి యూరప్ లేబుల్ (రికార్డు కంపెనీ) వాళ్లు మళ్లీ వినైల్ మీద, అంటే గ్రామఫోన్ ప్లేటుగా, వేశారు. 500 కాపీలే అన్నారు. ధర 28 యూరోలు, గుంటూరు చేరేసరికి దాదాపు రెట్టింపు. ఇప్పుడు కొనకపోతే మళ్లీ దొరకదేమోనని మీ భయం, డబ్బు తగలేస్తున్నావని ఇంట్లో గొడవ.

నేను విజయవాడ పటమటలో ఉంటాను. చాలా ఏళ్లుగా ఇలాంటి రికార్డులే కొంటున్నాను. ఆ సంగీతం మీకు ప్రాణమైతే కొనండి, ఇంట్లోవాళ్లకి నచ్చజెప్పుకునే బాధ మీది. కానీ 500 అన్న అంకె చూసి మాత్రం కంగారు పడకండి.

ఆ అంకె ఎక్కణ్ణుంచి వస్తుందో చూడండి. లక్కర్ పూత పూసిన అల్యూమినియం పళ్లెం మీద ముందు గాడి కోస్తారు. దానికి నికెల్ పట్టించి అచ్చులు తీస్తారు. ఆఖరి అచ్చు పేరు స్టాంపర్. వేడి పీవీసీ (వినైల్ ప్లాస్టిక్) ముద్దని రెండు స్టాంపర్ల మధ్య పెట్టి నొక్కితే రికార్డు తయారు. గాడి కోయడానికి, అచ్చులు తీయడానికి అయ్యే ఖర్చు వంద కాపీలు వేసినా అంతే, ఐదొందలు వేసినా అంతే. చిన్న లేబుల్ అంటే చాలాసార్లు ఒకరో ఇద్దరో మనుషులు. చేతిలో ఉన్న డబ్బుకీ, ఇంట్లో ఉన్న చోటుకీ సరిపడా 300, 500 వేస్తారు. అవి పోయాక ఇంకా అడిగేవాళ్లుంటే మళ్లీ వేస్తారు. అచ్చులు ఎలాగూ ఫ్యాక్టరీలో ఉంటాయి. కాబట్టి 500 అనేది చాలాసార్లు వాళ్ల జేబు లెక్క, అంతకంటే ఏం కాదు.

మరి ఈ భయం ఊరికే పుట్టిందా అంటే, కాదు. 2020 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలో అపోలో మాస్టర్స్ ఫ్యాక్టరీ కాలిపోయింది. లక్కర్ పళ్లేలు చేసేవాళ్లు అప్పటికి ప్రపంచం మొత్తంలో ఇద్దరే, ఆ రెండోవాళ్లు జపాన్‌లో. వెంటనే కరోనా. దానికి తోడు పెద్ద కంపెనీలన్నీ వినైల్ మీద పడ్డాయి. చిన్న లేబుళ్ల ఆర్డర్లు నెలల తరబడి క్యూలో నిలిచిపోయాయి. అప్పుడు మొదలుపెట్టినవాళ్లకి "సోల్డ్ ఔట్" అనే మాట కనిపిస్తే ఇప్పటికీ చెయ్యి వణుకుతుంది.

నిజంగా మళ్లీ రానివీ ఉంటాయి. అసలు హక్కుదారు దగ్గర ఇన్ని కాపీలకే అని లైసెన్స్ తీసుకున్నవి, మూతపడిన లేబుళ్లవి. అలాంటిదేమో అనిపిస్తే లేబుల్‌కే ఒక మెయిల్ పెట్టండి. చిన్నవాళ్లు కాబట్టి జవాబిస్తారు, నాకైతే చాలాసార్లు ఇచ్చారు. ఇక "ఎర్ర రంగు చిలకరించిన స్పెషల్ ఎడిషన్" రకాలు ఉంటాయే, గాడి అదే, పాట అదే. మామూలు నల్లది కొనుక్కోండి.

మీకు టెక్నో ఇష్టం అన్నారు కాబట్టి బెర్లిన్ బేసిక్ చానెల్ సంగతి చెప్తాను. 1993లో మొదలైన లేబుల్, నడిపింది మార్క్ ఎర్నెస్టస్, మోరిట్జ్ వాన్ ఓస్వాల్డ్. ఆ 12 అంగుళాల రికార్డులు ఇన్నేళ్లుగా మళ్లీ మళ్లీ ప్రెస్ అవుతూనే ఉన్నాయి. అయినా రీప్రెస్‌కీ రీప్రెస్‌కీ మధ్య దొరకని కాలంలో ఎవరో ఒకరు మూడింతల రేటు పెడతారు, ఎవరో ఒకరు కొంటారు. డెట్రాయిట్ ద్వయం డ్రెక్సియాదీ ఇదే కథ. 90ల నాటి ఒరిజినల్స్‌కి జనం ఆస్తులు రాసిచ్చేలా ఉండేవారు. 2011 నుంచి రాటర్‌డామ్‌కి చెందిన క్లోన్ వాళ్లు వాటిని ఏరి నాలుగు భాగాలుగా వేశాక, వినడానికి కావలసినవాళ్లకి ఆ బాధ తప్పింది.

మన దేశానికి సంబంధించిన ఉదాహరణ ఇంకా రుచిగా ఉంటుంది. బొంబాయి సినిమా ఆర్కెస్ట్రాల్లో వాయించిన చరణ్‌జిత్ సింగ్ 1982లో రోలాండ్ కంపెనీ ఎలక్ట్రానిక్ వాద్యాలు టీబీ-303, టీఆర్-808, జూపిటర్-8 పెట్టుకుని పది రాగాలని డిస్కో తాళం మీద వాయించాడు. హెచ్ఎంవీ వేసింది, ఎవరూ పట్టించుకోలేదు. 2002లో ఎడో బౌమన్ అనే డచ్ సేకర్త కంట ఆ రికార్డు ఢిల్లీలో పడింది. 2010లో తన బాంబే కనెక్షన్ లేబుల్ మీద మళ్లీ వేశాడు. అదే 303ని షికాగో కుర్రాళ్లు పట్టుకుని యాసిడ్ హౌస్ అనే డాన్స్ సంగీతం చేసింది ఆ తర్వాత కొన్నేళ్లకి కాబట్టి ప్రపంచం నోరెళ్లబెట్టింది. ఆ ముసలాయన యూరప్ వెళ్లి కచేరీలు చేసి, 2015లో పోయాడు. దీని ఒరిజినల్ హెచ్ఎంవీ ప్లేటు కోసం ఎంత పెట్టొచ్చని నన్ను అడిగేవాళ్లున్నారు. భైరవి వినడానికి అంత అక్కర్లేదండీ, రీఇష్యూ చాలు. ఆ ప్లేటు కోరుకునేది వేరే జబ్బు.

మన దేశానిదే ఇంకోటి: అహ్మదాబాద్ ఎన్ఐడీలో (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) 1969లో అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ మూగ్ సింథసైజర్ (కరెంటుతో స్వరాలు పుట్టించే వాద్యం) పెట్టి స్టూడియో కట్టాడు. గీతా సారాభాయ్, ఐ.ఎస్. మాథుర్, అతుల్ దేశాయ్ లాంటివాళ్లు అక్కడ చేసిన టేపుల్ని బ్రిటిష్ సంగీతకారుడు పాల్ పర్గస్ బయటికి తీస్తే 2023లో వినైల్‌గా వచ్చాయి. మీ సేకరణ ఎక్కడో ఒకచోట మొదలవ్వాలంటే ఈ రెండింటితో మొదలుపెట్టమంటాను.

ఇప్పుడు డబ్బు. కస్టమ్స్ వాళ్లు డ్యూటీ, దానిమీద ఐజీఎస్టీ (దిగుమతి మీద పడే జీఎస్టీ) వేసేది ప్లేటు ధర మీద మాత్రమే కాదు, రవాణా ఖర్చు కూడా కలిపి. అందుకే ఒక్క రికార్డు తెప్పించుకుంటే గుండె గుభేల్‌మంటుంది. మొదటి రికార్డుకే రవాణా మోత. రెండోదీ మూడోదీ అదే పెట్టెలో వస్తే పెరిగేది కొంచెమే. మేం విజయవాడలో ఇద్దరం, తెనాలిలో ఒకాయన కలిసి ఒకే షాపుకి ఒకే ఆర్డరు పెడతాం. కొరియర్‌లో తెప్పిస్తే కేవైసీ అడుగుతారు, ఎవరి పేరు మీద పార్సిల్ వస్తుందో వాళ్ల ఆధార్ సిద్ధంగా పెట్టుకోండి. ఆలస్యం చేస్తే పార్సిల్ అక్కడే కూర్చుంటుంది. ముంబై, బెంగళూరు షాపుల్లో విదేశీ రీఇష్యూలు కొన్ని దొరుకుతాయి. రేటు ఎక్కువే, కానీ డ్యూటీ తలనొప్పి ఉండదు. ముందు అక్కడ అడిగి, లేకపోతేనే బయటికి వెళ్లండి.

ఇంకో మాట. అమ్మేవాళ్లకి ఆర్డరు నోట్‌లో "ప్లేటుని అట్టకవరు బయట విడిగా పెట్టి పంపండి" అని రాయండి. లోపలే ఉంటే దారిలో కుదుపులకి ప్లేటు అంచు అట్టని కోసేస్తుంది, పైఅంచు చీలి వస్తుంది. సీలు వేసి ఉన్నవాటికి ఇది కుదరదు. సీలు అక్కర్లేదని రాస్తే కొందరు విప్పి పంపుతారు.

మన ఊళ్లలో అసలు శత్రువు ఎండ. వినైల్ 60 డిగ్రీల చుట్టుపక్కలకి వచ్చేసరికి మెత్తబడటం మొదలవుతుంది. మే నెలలో బెజవాడ 45 తాకినప్పుడు బెంజి సర్కిల్ దగ్గర అద్దాలు మూసి నిలిపిన కారులో అంత వేడి రావడం ఎంతసేపు? మా తెనాలి మిత్రుడి ప్లేట్లు రెండు మధ్యాహ్నమంతా డెలివరీ బండి పెట్టెలో తిరిగి అప్పడాల్లా వచ్చాయి. అప్పట్నుంచీ మా ఆర్డర్లన్నీ దీపావళి తర్వాతే, శివరాత్రి లోపే చేరేట్టు. లిమిటెడ్ ఎడిషన్ ఏప్రిల్‌లో వస్తే? అమెరికాలో, యూరప్‌లో రికార్డ్ స్టోర్ డే ఏప్రిల్‌లోనే కాబట్టి ఈ చిక్కు ఏటా వస్తుంది. కొని, చలికాలం దాకా దాచి పంపమని అడగండి. కొన్ని షాపులు ఒప్పుకుంటాయి.

ఇంట్లో డాబా కింద పై అంతస్తు గది వద్దు, అటక అసలే వద్దు. పడమటి గోడకి ఆనించవద్దు. ఒకదానిమీద ఒకటి పేర్చకుండా నిలువుగా, మరీ బిగుతుగా కాకుండా పెట్టండి. పైతొడుగులు పీవీసీవి కొనకండి. మన వేడికి వాటిలోని రసాయనం ప్లేటు మీదికి దిగి పొగమంచు పట్టినట్టు మచ్చ పడుతుంది, అది కడిగినా పోదు. పాలీప్రొపిలీన్ తొడుగులు అడగండి.

కింది అరలో కూడా పెట్టకండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్‌లో మా స్నేహితుడి ఇంట్లో కింది రెండు అరలూ నీళ్లలోనే నానాయి. నీళ్లు తీశాక వెళ్లి చూస్తే అట్టలన్నీ ఒకే ముద్ద. ప్లేట్ల మీద బూడిద రంగు ఒండ్రు. ఆరనిస్తే ఆ ఒండ్రు ఇసుక కాగితంలా గీస్తుందని, తడిగా ఉండగానే టబ్బులో మంచినీళ్లు పోసి, చేత్తో రుద్దకుండా ముంచి తీస్తూ కడిగాం. తర్వాత డిస్టిల్డ్ వాటర్, మెత్తటి గుడ్డతో గాడి వెంబడే తుడిచాం. మధ్యలో కాగితం లేబుళ్లు ఊడిపోతాయనుకున్నాం, ఊడలేదు. వాటిని జిగురుతో అంటించరు, వేడి మీద ప్లేటుతో పాటే నొక్కుతారు. ఇప్పుడు అవన్నీ తెల్ల అట్టల్లో ఉన్నాయి. అమ్మితే పెద్దగా రాదు, మోగడం మాత్రం బాగానే మోగుతున్నాయి.

కడగడం నాకు నేర్పింది గవర్నర్‌పేటలో పాత రేడియోలు బాగుచేసే ఒక పెద్దాయన. 78 స్పీడు పాత ప్లేట్లకి స్పిరిట్ తగలనివ్వకు, అవి లక్కవి, కరిగిపోతాయి అని మొదటిరోజే చెప్పాడు. ఆయనకి ఓసారి బేసిక్ చానెల్ ప్లేటు పెట్టి వినిపించాను. చాలాసేపు ఓపిగ్గా విని, "బాబూ, పాట ఎప్పుడు మొదలవుద్ది?" అన్నాడు. ఆయన దగ్గరా, లెనిన్ సెంటర్ పాత పుస్తకాల వైపూ సినిమా ఎల్పీలు అప్పుడప్పుడూ తగులుతాయి కానీ, మనం వెతికే సరుకు తగలదు. దానికోసం ఊళ్లో తిరగడం దండగ.

మరి ఏది మంచి రీఇష్యూ అని ఎలా తెలుస్తుంది? డిస్కాగ్స్ వెబ్‌సైట్ చూడండి. అది 2000లో ఎలక్ట్రానిక్ రికార్డుల పట్టికగానే మొదలైంది, అందుకే మన సరుకు వివరాలు అక్కడ అందరికంటే బాగుంటాయి. ఎవరు గాడి కోశారో చూడండి. ప్లేటు మీద పాట అయిపోయాక మధ్య కాగితం లేబుల్ దాకా ఉండే ఖాళీ చోట ఫోన్ టార్చ్ ఏటవాలుగా వేస్తే చేత్తో గీసిన అక్షరాలు కనిపిస్తాయి. బెర్లిన్‌లో గాడి కోసే డబ్‌ప్లేట్స్ అండ్ మాస్టరింగ్ స్టూడియో వాళ్లవైతే "డీ అండ్ ఎం" అన్న అర్థంలో పొడి అక్షరాలు ఉంటాయి, అవి చూస్తే నేను కళ్లు మూసుకుని కొంటాను. తర్వాత ఒక్కో పక్క ఎన్ని నిమిషాలో లెక్క వేయండి. బాస్ ఎక్కువున్న సంగీతానికి గాడి వెడల్పు కావాలి. 33 స్పీడులో పక్కకి 22 నిమిషాలు దాటించి కుక్కితే సౌండు సన్నబడుతుంది, మధ్య కాగితం దగ్గరికొచ్చేసరికి హైహ్యాట్లు (డ్రమ్స్‌లోని తాళాలు) గరగరమంటాయి. సీడీ కాలంలో వచ్చిన 70 నిమిషాల టెక్నో ఆల్బమ్‌ని ఒక్క ప్లేటు మీద వేశారంటే, 50 కాపీలే అన్నా సరే, నేను ముట్టుకోను. మీరు చెప్పినది రెండు ప్లేట్లా, ఒకటా? ముందు అది చూడండి.

సెకండ్ హ్యాండ్ అయితే, దడదడలాడే టెక్నోకి వీజీ ప్లస్ (కాస్త వాడినా బాగున్నది) అనే గ్రేడు సరిపోతుంది, చిటపటలు డ్రమ్ముల్లో కలిసిపోతాయి. నెమ్మదిగా సాగే ఆంబియంట్ సంగీతానికి మాత్రం నియర్ మింట్ (దాదాపు కొత్తది) కంటే తగ్గొద్దు.

ప్లేయర్ గురించి రెండు ముక్కలు. సూట్‌కేసు ఆకారంలో అమ్మే బొమ్మ ప్లేయర్లు ముల్లుని బరువుగా నొక్కుతాయి, వాటి మీద 28 యూరోల ప్లేటు పెట్టకండి. ఆడియో-టెక్నికా ఎల్పీ120 లాంటిది, ముల్లు బరువు 2 గ్రాములకి సరిచేసుకునేది, చాలు. అమెరికా నుంచి మామయ్యగారు పాత టర్న్‌టేబుల్ తెస్తానంటే ముందు మోటార్ రకం అడగండి. ఏసీ సింక్రనస్ మోటార్ (కరెంటు హెర్ట్జ్‌ని బట్టి స్పీడు ఉండేది) అయితే వాళ్ల 60 హెర్ట్జ్‌కి తిరిగేది మన 50 హెర్ట్జ్‌లో 33 బదులు 28 దగ్గర తిరుగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ పెడితే వోల్టేజీ మారుతుంది గానీ స్పీడు మారదు.

మళ్లీ అమ్మితే లాభం వస్తుందా అని కూడా అడిగారు. రీప్రెస్ పడ్డ రోజున రేటు దిగుతుంది. పైగా ఇక్కణ్ణుంచి విదేశానికి పంపే ఖర్చు చూసి కొనేవాడు పారిపోతాడు. ఆ లెక్కతో కొనేట్టయితే వద్దు.

మీ రికార్డు రెండు ప్లేట్లే అయి, లేబుల్ వాళ్లు రీప్రెస్ లేదంటే, నవంబరులో మేం నెదర్లాండ్స్‌కి పెట్టబోయే ఆర్డరులో కలపండి. ఆ షాపులో ఉందో లేదో చూసి చెప్పండి. పార్సిల్ విజయవాడకి వస్తుంది, గుంటూరు నుంచి వచ్చి తీసుకెళ్లడం మీ పని. బస్సులో కిటికీ పక్కన ఎండ వైపు మాత్రం కూర్చోవద్దు.