హన్మకొండ నుంచి జోడేఘాట్‌కు ఒక్కరోజులో?

అక్కా, పిల్లలకు జోడేఘాట్‌లోని కొమురం భీం స్మారకం చూపించి అదే రాత్రికి హన్మకొండ చేరాలన్నారు కదా, బస్సులను నమ్ముకొని ఆ పని పెట్టుకోకండి. పోవడానికే 200 కిలోమీటర్లు దాటుతుంది. కాజీపేటలో బల్హార్షా వైపు రైలెక్కి ఆసిఫాబాద్ రోడ్ స్టేషన్‌లో దిగండి. ఎక్స్‌ప్రెస్‌లన్నీ అక్కడ ఆగవు, చూసుకొని టికెట్ తీయండి. స్టేషన్ నుంచి ఆసిఫాబాద్ ఊరు కూడా దూరమే, అందుకే రానుపోను కారు మాట్లాడుకోండి. కెరమెరి దారిలో హట్టి దగ్గర తిరిగి గుట్టల్లోకి పోవాలి. ఆ మలుపుల్లో పిల్లలకు కడుపులో తిప్పుతుంది, నిమ్మకాయ, కవర్లు చేతికందేలా పెట్టుకోండి. రాత్రికి ఆసిఫాబాద్‌లోనో కాగజ్‌నగర్‌లోనో ఉండడమే మేలు.

మ్యూజియంలో మాత్రం పిల్లల్ని తొందరపెట్టకండి. భూమి, అడవి, నీళ్ల మీద గోండుల హక్కు కోసం 12 గూడేలను కూడగట్టి కొట్లాడిన మనిషి 1940లో నిజాం పోలీసుల తూటాలకు నేలకొరిగింది ఈ జోడేఘాట్‌లోనే. అది అక్కడే నిలబడి చెప్పండి. ఆ తర్వాతే నిజాం సర్కారు గోండుల గోస తెలుసుకోవడానికి మానవ శాస్త్రవేత్త హైమండార్ఫ్‌ను పంపింది. ఆయన, భార్య బెట్టీ ఉన్న మార్లవాయి జైనూరు దగ్గరే, వాళ్ల సమాధులూ అక్కడే ఉన్నాయి. రెండో రోజు పొద్దున అటు పోండి.

ఆశ్వయుజ పౌర్ణమికి భీం వర్ధంతి, జనం బాగా వస్తారు. చిన్నపిల్లలతో కాబట్టి ఆ రోజు వద్దు.