ఆ కథలో దొంగ లేడు, తమ్ముడూ

తమ్ముడూ,

నీ కథ చదివాను. దేవరకొండ దగ్గరి తండా అమ్మాయి, ఆమె కడుపులో కవలలు, ఒక బిడ్డ రక్తం రెండో బిడ్డకు పోతుండటం... ఎత్తుగడ బాగుంది. కానీ "కడుపులోనే అక్కను దోచుకున్న తమ్ముడు" అని రాశావు చూడు, కథ అక్కడే చెడింది.

ఇద్దరికీ కలిపి ఒకటే మాయ (ప్లాసెంటా) ఉన్నప్పుడు దాని మీద ఇద్దరి రక్తనాళాలూ కలుస్తాయి. అలాంటి గర్భాల్లో నూటికి 10-15 చోట్ల ఆ పంపకం తప్పుతుంది. ఇచ్చే బిడ్డకు రక్తం తగ్గి, మూత్రం తగ్గి, చుట్టూ ఉమ్మనీరు ఇంకిపోతుంది. అంతవరకు రాశావు. మరి తీసుకునే బిడ్డ? అంత రక్తాన్ని తోడలేక దాని గుండె అలసిపోతుంది. అలాగే వదిలేస్తే ఇద్దరూ దక్కకపోవచ్చు. ఇందులో దొంగ ఎవరు?

పైగా ఒకే మాయ పంచుకునే కవలలు దాదాపు ఎప్పుడూ ఇద్దరూ ఆడపిల్లలో, ఇద్దరూ మగపిల్లలో అయి ఉంటారు. నీ అక్కాతమ్ముళ్లు అక్కడ పుట్టరు. అది చాలదన్నట్టు, డాక్టరమ్మ చేత "ఒక పాప, ఒక బాబు" అని చెవిలో చెప్పించావు. 1994 చట్టం ప్రకారం అది నేరం. స్కానింగ్ సెంటర్ గోడ మీద బోర్డు ఉంటుంది, నువ్వు చూసే ఉంటావు.

నీ కథకు అసలు ప్రాణం ఎక్కడుందో చెప్పనా? ఉమ్మనీరు ఎక్కువై పొట్ట గబగబా పెరుగుతుంది. అత్త "పిల్లలు బలంగా ఉన్నారు" అని మురిసిపోతుంది. పక్కింటివాళ్లు "జంట అరటిపండ్లు తిన్నావా ఏంది" అని నవ్వుతారు. ఆ పిల్లకు మాత్రం పక్కకు తిరిగి పడుకుందామన్నా ఆయాసం. తర్వాత స్కానింగ్ గది. డాక్టరమ్మ ఒక బిడ్డ మూత్రాశయం కోసం వెతుకుతుంది, కనబడదు. ఆ బిడ్డ చుట్టూ నీరు 2 సెంటీమీటర్ల లోతు కూడా లేదు, రెండో బిడ్డ చుట్టూ 8 దాటింది. అప్పటిదాకా ఊరి సంగతులు అడుగుతున్న ఆమె మాట్లాడటం మానేస్తుంది. బయట బెంచీ మీద భర్త ఫోన్ చూసుకుంటుంటాడు. దీన్నంతా ఒక్క వాక్యంలో దాటేసి, తరంగాలతో రక్తనాళాలు మూసే మిషన్ గొప్పతనం మీద పేజీన్నర ఖర్చుపెట్టావు.

మిషన్ గొప్పదే, కాదనను. భూతద్దంతో ఎండను ఒక చుక్క మీదికి తెచ్చినట్టు, అల్ట్రాసౌండ్ తరంగాలను ఒకేచోట కలిసేలా పంపితే అక్కడ వేడి పుట్టి రక్తనాళం మూసుకుంటుంది. కోత లేదు, సూది లేదు. ఇలాంటిదే ఇంకో చిక్కులో, గుండె ఏర్పడని తన జంట బిడ్డకు కూడా తానే రక్తం పంపుతున్న బిడ్డను ఈ పద్ధతితో కాపాడామని 2013లో జపాన్ డాక్టర్లు ప్రచురించారు. లండన్ ఇంపీరియల్ కాలేజీవాళ్లు సూడి గొర్రెల మీద చేసి చూశారు. గొర్రెలంటే మన పాలమూరు పాఠకుడు లేచి కూర్చుంటాడు, నువ్వేమో ఆ ముక్కే వదిలేశావు!

కానీ అది ఇంకా పరిశోధన దశలోనే ఉంది. నువ్వు దాన్ని తెచ్చి నల్లగొండ ఆస్పత్రిలో పెట్టావు. నీ కథ నమ్మి ఎవరైనా తండ్రి ఆ మిషన్ కోసం తిరుగుతూ ఉన్న నాలుగు రోజులూ పోగొట్టుకుంటే? ఇవాళ నిజంగా చేస్తున్నది లేజర్. సన్నని గొట్టం గర్భసంచిలోకి పంపి ఆ కలిసిన నాళాలను మూస్తారు. ఉమ్మనీరు తీసేస్తూ పోవడం కన్నా ఇదే మేలని 2004లో యూరప్ అధ్యయనం తేల్చింది. అయితే గొట్టం పోయినచోట ఉమ్మనీటి సంచి చిట్లే ప్రమాదం ఉంది. ఈ తరంగాల కోసం వెతుకులాట అందుకే. లేజర్ చేశాక కూడా ఒక్కోసారి ఒక్క బిడ్డే మిగులుతుంది. ఆ అవకాశాన్ని నీ కథలోంచి తుడిచెయ్యకు.

కాబట్టి ఆ అమ్మాయిని మల్లేపల్లి, మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా హైదరాబాద్ పంపించు. డబ్బులు ఎవరినడిగారు, పక్క సీట్లో ఎవరున్నారు, అత్త వచ్చిందా లేదా, అవన్నీ రాయి. అంతకంటే ముందు మీ ఊరి ఆశా కార్యకర్తతో ఒక పూట కూర్చో. కథ చదివి వినిపించకు, ఆమెను మాట్లాడనివ్వు. మగవాళ్లం మనకు ఇంట్లో ఎవరూ చెప్పని సంగతులు ఆమెకు తెలుసు.

తిరగరాశాక ప్రింట్ తీసి పంపు, వాట్సాప్‌లో వద్దు. అక్షరాలు కొంచెం పెద్దగా ఉండాలి. పక్కన ఖాళీ వదిలితే పెన్సిల్‌తో రాసి పంపుతాను.

మీ అన్న