బ్రేకు వేసిన బస్సు వెనక్కి నడవదు

ప్రశ్న: గంటకు 72 కిలోమీటర్ల వేగంతో సమతల రోడ్డు మీద వెళ్తున్న బస్సుకు బ్రేకు వేస్తే, దాని వేగం ప్రతి సెకనుకూ సెకనుకు 4 మీటర్ల చొప్పున తగ్గింది. బ్రేకు వేసిన తరువాత 8 సెకన్లలో అది ఎంత దూరం ప్రయాణిస్తుంది? సూత్రంలో విలువలు ప్రతిక్షేపిస్తే నాకు 32 మీటర్లు వస్తోంది. పుస్తకం వెనుక 50 మీటర్లని ఉంది. అది అచ్చుతప్పా?
— ఇంటర్ మొదటి సంవత్సరం విద్యార్థి, ఖమ్మం

జవాబు: అచ్చుతప్పు కాదు, సరైన జవాబు 50 మీటర్లే. మీ గుణకారాల్లోనూ దోషం లేదు. సూత్రాన్ని అది వర్తించని సెకన్లకు కూడా వాడటమే చిక్కు.

గంటకు 72 కిలోమీటర్లంటే సెకనుకు 20 మీటర్లు. సెకనుకు 4 చొప్పున తగ్గుతూ పోతే ఆ వేగం 5 సెకన్లకే సున్నా అవుతుంది, మిగిలిన 3 సెకన్లూ బస్సు నిలబడే ఉంటుంది. రుణత్వరణం, అంటే వేగం తగ్గే రేటు, సమంగా ఉన్నప్పుడు సగటు వేగం తొలి, తుది వేగాల మొత్తంలో సగం కాబట్టి, ఇక్కడ అది సెకనుకు 10 మీటర్లు. దాన్ని 5 సెకన్లతో గుణిస్తే 50.

మరి 32 ఎక్కడిది? తొలివేగాన్ని 8 సెకన్లతో గుణించగా వచ్చిన 160 నుంచి, రుణత్వరణంలో సగాన్ని 8 వర్గంతో గుణించగా వచ్చిన 128ని మీరు తీసివేశారు. బస్సు ఆగిన సంగతి సూత్రానికి తెలియదు. అదే త్వరణం కొనసాగిందనుకుని, చివరి 3 సెకన్లలో బస్సును 18 మీటర్లు వెనక్కి నడిపించి, 50లోంచి 18 పోగా మిగిలిన స్థానభ్రంశాన్ని, అంటే మొదటి చోటు నుంచి చివరి చోటుకున్న దూరాన్ని, అది మీ చేతికిచ్చింది. నిట్టనిలువుగా పైకి విసిరిన బంతి విషయంలో ఈ లెక్క చెల్లుతుంది, ఎందుకంటే బంతి శిఖరాన క్షణకాలం ఆగినా గురుత్వాకర్షణ ఆగదు. బ్రేకు ఘర్షణ అలాంటిది కాదు. అది చలనాన్ని ఎదిరించేదే తప్ప, ఆగిన బండిని వెనక్కి తోసేది కాదు. అందుకే ఇలాంటి లెక్కల్లో తొలివేగాన్ని రుణత్వరణంతో భాగించి, ఆగే కాలాన్ని ముందుగా తెలుసుకోవాలి.

జవాబు సరిచూసుకోవడానికి ఒక చక్కని దారి ఉంది. విరామ స్థితి నుంచి సమత్వరణంతో కదిలే వస్తువు వరుస సమాన కాలాల్లో సాగే దూరాలు 1, 3, 5, 7 అనే బేసి సంఖ్యల నిష్పత్తిలో ఉంటాయని, 1638లో లైడెన్‌లో అచ్చయిన తన గ్రంథంలో గెలీలియో నిరూపించాడు. ఆగే బస్సు కథను చివరి నుంచి మొదటికి చదివితే అదే చలనం కనిపిస్తుంది. మీ బస్సు ఒక్కో సెకనులో వరుసగా 18, 14, 10, 6, 2 మీటర్లు సాగుతుంది, అంటే 9, 7, 5, 3, 1 నిష్పత్తిలో, కూడితే 50.

ఆగే దూరం తొలివేగం వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది కాబట్టి, అదే బస్సు గంటకు 36 కిలోమీటర్ల వేగంతో వస్తుంటే 25 కాదు, పన్నెండున్నర మీటర్లలోనే ఆగేది. రోడ్డు మీద మాత్రం డ్రైవరు ప్రమాదాన్ని గమనించి పెడలు నొక్కేలోపు ఒక్క సెకను గడిచినా బస్సు మరో 20 మీటర్లు పూర్తి వేగంతోనే ముందుకు పోతుంది. ప్రశ్నలో ‘బ్రేకు వేసిన తరువాత’ అని స్పష్టంగా ఉంది కనుక, ఆ దూరాన్ని మీరు కలపనక్కరలేదు.