కోటు కత్తిరించే ముందు

చిన్నీ,

ఫోటోలు చూశాను. నీ ఇథియోపియా ఫ్రెండూ నువ్వూ కలిసి వాళ్ల నాన్న జీవితం ఆధారంగా మగవాళ్ల బట్టలు డిజైన్ చేస్తున్నారంటే సంతోషం. కానీ కోటు వీపు మీద ‘మగాళ్లూ ఏడుస్తారు’ అన్న అక్షరాలు మాత్రం తీసేయండి. దెర్గ్ అనే సైనిక ప్రభుత్వం పాలనలో దేశం వదిలొచ్చి, వాషింగ్టన్‌లో పార్కింగ్ లాట్ కాపలా కాస్తూ ఒక్క ముక్క బయటపెట్టని మనిషి, అది చూస్తే ఇంకా ముడుచుకుపోతాడు.

నేను ఇథియోపియాలోని హవాసాలో కటింగ్ మాస్టర్‌గా ఉన్నప్పుడు ఒక సోమవారం మా మెకానిక్ నెతెలా కప్పుకొచ్చాడు. పల్చటి తెల్ల చేనేత శాలువా అది. దాని రంగుల అంచుని తిబెబ్ అంటారు. కింద వేలాడాల్సిన అంచు మెడ దగ్గరుంది. ‘తిరగేసి కప్పుకున్నావయ్యా’ అని నవ్వాను. ‘ఇషీ’ అన్నాడు, అంటే సరే అని. వెళ్లి మిషన్ విప్పుకున్నాడు. మధ్యాహ్నానికి ఎవరో చెప్పారు, అంచు అలా పైకి వచ్చిందంటే ఇంట్లో చావు అని. వాళ్లమ్మ పోయింది. ఇప్పటికీ తలుచుకుంటే తలకొట్టేసినట్టుంటుంది.

అందుకే కాలర్‌కి తిబెబ్ పెట్టే ముందు ఆ నాన్నగారిని అడగండి. నన్నడిగితే లోపలి జేబుకి పెట్టండి. పైకి ఒక అర్థం, లోపల ఇంకో అర్థం పెట్టి చెప్పే కవిత్వాన్ని వాళ్ల అమ్హారిక్ భాషలో ‘మైనం, బంగారం’ అంటారు. పైన బూడిదరంగు ఊలు మైనం. జేబులో చెయ్యి పెట్టినవాడికే బంగారం.

ప్రింట్ చేసిన తిబెబ్ అంటగడతారు, జాగ్రత్త. వెనక్కి తిప్పి చూడండి, నేసినదైతే దారాలు కనిపిస్తాయి.

గాబీ అంటే నాలుగు పొరల నూలు దుప్పటి. కోటుకి వాడాలంటే ముందు తడిపి ఆరేయండి, కుంచించుకుపోతుంది. కుట్టు మార్జిన్ ధారాళంగా వదలండి. భుజాలకి ప్యాడ్లు వద్దు. బరువుకి భుజం కాస్త జారినా జారనివ్వండి, ఆ వయసు మగాడి భుజం అలాగే ఉంటుంది.

చివరగా, కొలతలు నువ్వు తీయొద్దు, కొడుకునే తీయమను. ఛాతీ కొలవాలంటే టేపు వీపు వెనక నుంచి తిప్పాలి, నాన్నని దాదాపు కౌగిలించుకోవాల్సిందే. ఆ కాసేపు నువ్వు కాఫీ వంకతో వంటింట్లోకి వెళ్లు.

మావయ్య