జిల్లా మారితే నియోజకవర్గం మారుతుందా? పరవాడ అనుభవంతో ఒక సమాధానం

మీది సబ్బవరం మండలమనీ, 2022లో జిల్లా అనకాపల్లి అయినా ఎమ్మెల్యే మాత్రం పెందుర్తి ఎమ్మెల్యేగానే కొనసాగుతున్నారనీ, రాబోయే నియోజకవర్గాల పునర్విభజనలో ఈ తేడా సరిదిద్దుతారా, మనలాంటివారు చెబితే వింటారా అనీ అడిగారు. నేను పరవాడ మండలంలో పుట్టి పెరిగాను. ఉన్నత పాఠశాల ఉపాధ్యాయునిగా పనిచేసి, విరమణ తరువాత విశాఖపట్నంలో గాజువాక వైపు స్థిరపడ్డాను. గత పునర్విభజనను ఊరివాడిగానూ, తరువాత ఓటర్ల జాబితా పని చూసే బీఎల్‌ఓ (బూత్ స్థాయి అధికారి)గానూ దగ్గర నుంచి చూసినవాణ్ణి కనుక సమాధానం రాస్తున్నాను.

మొదట ఒక విషయంలో స్పష్టత అవసరం. జిల్లా సరిహద్దును రాష్ట్ర ప్రభుత్వం మార్చగలదు, నగరపాలక వార్డులనూ మార్చగలదు. మహా విశాఖ నగరపాలక సంస్థలో వార్డులు 98కి పెరిగి 2021లో ఎన్నికలు జరిగినా, మరుసటి ఏడాది ఏప్రిల్ 4న పాత విశాఖపట్నం జిల్లా మూడుగా చీలినా, అసెంబ్లీ నియోజకవర్గాల గీత అంగుళం కూడా కదలలేదు. ఆ గీతను గీసేది పార్లమెంటు చట్టం కింద ఏర్పడే డీలిమిటేషన్ (పునర్విభజన) కమిషన్ మాత్రమే. అందుకే నేడు పెందుర్తి మండలం విశాఖపట్నం జిల్లాలోనూ, సబ్బవరం, పరవాడ మండలాలు అనకాపల్లి జిల్లాలోనూ ఉండగా, మూడూ ఒకే నియోజకవర్గంలో ఉన్నాయి.

మా పరవాడ పేరుతో ఒకప్పుడు ప్రత్యేక నియోజకవర్గమే ఉండేది. జస్టిస్ కుల్దీప్ సింగ్ అధ్యక్షతన ఏర్పడిన కమిషన్ 2001 జనాభా లెక్కల ఆధారంగా కొత్త హద్దులు నిర్ణయించగా, అవి 2008లో అమల్లోకి వచ్చి, 2009 ఎన్నికల్లో మొదటిసారి వాడుకలోకి వచ్చాయి. ఉమ్మడి రాష్ట్రంలో మొత్తం స్థానాలు 294గానే నిలిచాయి. వాటిని జిల్లాల మధ్య జనాభాను బట్టి తిరిగి పంచారు. అలా పంచినప్పుడు మన పాత జిల్లాకు స్థానాలు 13 నుంచి 15కు పెరిగాయి. నగరంలో ఒకటి, రెండు అనే పేర్లతో ఉన్న రెండు నియోజకవర్గాల చోట తూర్పు, దక్షిణం, ఉత్తరం, పశ్చిమం వచ్చాయి, గాజువాక కొత్తగా ఏర్పడింది, మన్యంలో అరకులోయ వచ్చింది. అయినా పరవాడ, చింతపల్లి పోయాయి. జిల్లాకు రెండు స్థానాలు పెరిగినా మా స్థానం పోవడమేమిటని ఊళ్లో అందరూ బాధపడ్డారు. ఓటర్ల జాబితా పనిమీద ఇల్లిల్లూ తిరుగుతున్నప్పుడు ఒక పెద్దాయన నన్ను ఆపి, "మాస్టారూ, మన పరవాడ సీటు ఎక్కడికి పోయింది?" అని అడిగితే, నిలబడి వివరించడానికి నాకు చాలాసేపు పట్టింది.

ముసాయిదా వెలువడిన రోజుల్లో మా ఊరి తరఫున అభ్యంతర పత్రం రాసింది నేనే. పరవాడ చరిత్ర, ఆ పేరుతో మాకున్న అనుబంధం, మా రైతుల త్యాగాలు అన్నీ కలిపి నాలుగు పేజీలు రాసి, ఊరందరి సంతకాలతో పంపించాము. తరువాత రెవెన్యూ శాఖలో పనిచేసి విరమించిన ఒక బంధువు దాని నకలు చదివి, "అంతా బాగుంది గాని, ఇందులో లెక్క ఏదీ? ఏ మండలాన్ని తీసి ఎక్కడ కలపమంటున్నారు? కలిపితే ఇటు ఎంతమంది, అటు ఎంతమంది అవుతారు?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. అప్పటికి గడువు దాటిపోయింది.

ఆ ప్రశ్నలోనే కమిషన్ పని తీరు అంతా ఉందని నాకు తరువాత అర్థమైంది. అప్పటి రాష్ట్ర జనాభా సుమారు 7.62 కోట్లను 294తో భాగిస్తే ఒక్కో స్థానానికి సగటున 2.59 లక్షల మంది వస్తారు. ఆ సగటుకు పది శాతం అటూ ఇటూ లోపల ప్రతి నియోజకవర్గాన్నీ నిలపాలని ప్రయత్నిస్తారు. భౌగోళికంగా ఒకే ముద్దగా ఉండడం, కొండలూ ఏరులూ, పాలనా విభాగాల హద్దులు, రాకపోకల సౌకర్యం, ప్రజల వీలు అనే అంశాలను చట్టమే చెప్పింది. మీరు ఒక మండలాన్ని ఇక్కడి నుంచి తీయమంటే పక్క నియోజకవర్గం ఉబ్బుతుంది, దాన్ని సరిచేస్తే ఆ పక్కది తగ్గుతుంది. కనుక మొత్తం అమరికను చూపని అభ్యంతరం ఎంత న్యాయమైనదైనా కమిషన్ చేతికి పనికొచ్చే రూపంలో ఉండదు. మా ఊరివారు సంతకూ, ఆసుపత్రికీ, కళాశాలకూ గాజువాకకో అనకాపల్లికో వెళ్తారే గాని పెందుర్తికి వెళ్లరన్న ఒక్క వాక్యం, బస్సు మార్గాల వివరంతో సహా రాసి ఉంటే, చరిత్ర మీద రాసిన నాలుగు పేజీలకన్నా బలంగా ఉండేదని ఇప్పటికీ అనుకుంటాను.

రిజర్వేషన్ కూడా మారవచ్చునని మరువకండి. విజయనగరం జిల్లాలోని శృంగవరపుకోట 2004 వరకు షెడ్యూల్డు తెగలకు కేటాయించిన స్థానం. 2009 నుంచి అది జనరల్.

ఇక రాబోయేదాని సంగతి. రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ చట్టం 2014లోని 26వ సెక్షన్ మన స్థానాలను 175 నుంచి 225కు పెంచాలని చెప్పినా, అది రాజ్యాంగంలోని 170వ అధికరణానికి లోబడి ఉంటుంది. ఆ అధికరణం ప్రకారం 2026 తరువాత జరిగే మొదటి జనగణన లెక్కలు వెలువడేదాకా ఆగాలి. వెంటనే పెంచాలని వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2025 జూలైలో కొట్టివేసింది. 2011 లెక్కల్లోని సుమారు 4.95 కోట్ల జనాభానే తీసుకున్నా, 225 స్థానాలైతే సగటు 2.83 లక్షల నుంచి 2.2 లక్షలకు దిగుతుంది. అంటే గీతలన్నీ మళ్లీ గీయవలసిందే. పరవాడ, సబ్బవరం పూర్తిగా అనకాపల్లి జిల్లాలోనే ఉండే స్థానంలో చేరడానికి అది మంచి అవకాశం.

గత చట్టం తీరే కొనసాగితే, రాష్ట్రం నుంచి ఐదుగురు లోక్‌సభ సభ్యులు, ఐదుగురు ఎమ్మెల్యేలు కమిషన్‌కు అనుబంధ సభ్యులుగా ఉంటారు; వారికి ఓటు ఉండదు గాని, వారి అసమ్మతి ప్రతిపాదనలు కోరితే ముసాయిదాతో పాటే ప్రచురిస్తారు. అందుచేత ముసాయిదా రాకముందే వారిని కలవండి. ముసాయిదా గెజిట్లో వచ్చాక అభ్యంతరాలకు గడువు, ఆపై బహిరంగ విచారణ ఉంటాయి. తుది ఉత్తర్వు ప్రచురితమైతే దానికి చట్టబలం వస్తుంది, 329వ అధికరణం వల్ల కోర్టులో దాన్ని ప్రశ్నించడం దాదాపు కుదరదు. ఇప్పుడే మీ మండలం జనాభాను గ్రామాలవారీగా రాసిపెట్టుకోండి, కొత్త జనగణన అంకెలు రాగానే మార్చుకోండి, మీరు కోరే అమరికలో రెండువైపులా వచ్చే మొత్తాలను చూపించండి, దానికి పంచాయతీ తీర్మానం ప్రతిని జతచేయండి. పరవాడ వైపు వివరాలు కావాలంటే నేను సమకూర్చి ఇస్తాను.